రకం పరీక్ష కోసం మందు ఆగరాదు

పాలకాయతిప్ప: కంటి శుక్లాల ఆపరేషనుకు బందరు వెళ్ళిన మనిషికి ముందుగా నాలుగైదు రక్తపరీక్షలు చేస్తారు. వాటిలో ఒకదాని ఎదుట ‘హెపటైటిస్-సి పాజిటివ్’ అని రాసి వచ్చిందనుకుందాం. కళ్ళు పచ్చగా లేవు, జ్వరం లేదు, నిన్నటిదాకా వల లాగిన మనిషి. కంటి సంగతి పక్కకు పోయి లివరు సంగతి ముందుకు వస్తుంది. ఆ కాగితం పట్టుకొని నలుగురిని అడిగితే ‘ఇందులో చాలా రకాలున్నాయి, ఏ రకమో తేలితేగాని మందు మొదలుపెట్టరు, జీనోటైప్ పరీక్ష చేయించుకో’ అని ఎవరో ఒకరు చెబుతారు. పరీక్ష ఖర్చు వేలలో వుంటుంది. రక్తం బెజవాడ పోవాలి, అక్కడినుంచి ఇంకో వూరు పోవాలి, ఫలితం రావడానికి రోజులు పడుతుంది.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా, హంసలదీవి పక్కన వున్న ఈ వూరి నుంచి కోడూరు, అక్కడినుంచి అవనిగడ్డ, ఆపైన బందరో బెజవాడో వెళ్ళిరావడమంటే ఒక రోజు కూలి పోయినట్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో ఆ ఇళ్ళలో వెయ్యి రూపాయలు బయటకు తీయడం కూడా కష్టమే. ‘వేట మొదలయ్యాక చూద్దాంలే’ అంటాడు మనిషి. వేట మొదలవుతుంది, అప్పులు గుర్తుకు వస్తాయి, కాగితం దూలం సందులో దూరుతుంది. నొప్పి లేని జబ్బు గనుక ఎవరూ తొందరపెట్టరు. పదేళ్ళ తరువాత పొట్ట వుబ్బి, రక్తం వాంతి చేసుకొని అదే మనిషి అదే ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తుంది.

మందు లేక ఇలా జరిగితే అది వేరు. పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి తొంభై అయిదు మందికి నయమయ్యే జబ్బు ఇది. ఆ మాత్రలను ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చే పథకం 2018 నుంచి వున్నది. అయినా ‘రకం తేలలేదు’ అన్న ఒక్క మాట మీద మనిషి ఆగిపోవడం శోచనీయం. రకం పరీక్ష చెడ్డదని ఎవరూ అనరు. ఒకప్పుడు అది లేనిదే వైద్యం లేదు. నేడు మామూలు రోగికి మందు మొదలుపెట్టడానికి అది అవసరం లేదు. ఈ తేడా పల్లెల్లో తెలియవలసి వున్నది.

కామెర్లన్నీ ఒకటి కావు

పల్లెల్లో లివరు జబ్బు అనగానే పచ్చకామెర్లు అంటారు. కామెర్లు ఒక లక్షణమేగాని ఒక జబ్బు కాదు. హెపటైటిస్ ‘ఎ’, ‘ఇ’ అనేవి చెడ్డ నీటివల్ల వస్తాయి. వరద వచ్చి మంచినీటి చెరువులో మురుగు కలిసినప్పుడు వూరంతా పడుకొనేది వాటివల్లనే. సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. అయితే గర్భిణికి ‘ఇ’ వస్తే ప్రాణాపాయం కూడా వుంటుంది. ‘బి’, ‘సి’ అనేవి ముఖ్యంగా రక్తంవల్ల అంటుకొంటాయి. బికి టీకా వున్నది, పుట్టిన బిడ్డకే వేస్తున్నారు. సికి ఇప్పటిదాకా టీకా లేదు.

‘సి’ సోకిన పదిమందిలో సుమారు ముగ్గురికి ఆరునెలల్లోపే దానంతటదే పోతుంది. మిగిలినవారి లివరులో అది నిలిచిపోయి, చడీచప్పుడూ లేకుండా ఏళ్ళతరబడి పని చేసుకుపోతుంది. అలా నిలిచినవారిలో నూటికి పదిహేను నుంచి ముప్ఫై మందికి ఇరవై ఏళ్ళలో లివరు గట్టిపడి గడ్డలు కట్టినట్లవుతుంది. దీన్నే సిరోసిస్ అంటారు. వీరిలో కొందరికి అక్కడే కాన్సరు పుడుతుంది. సారా అలవాటున్నవారికి ఆ ఇరవై ఏళ్ళూ ఇంకా తగ్గుతాయి.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచేనాటికి ఈ జబ్బుకు పేరు కూడా లేదు. రక్తం ఎక్కించుకున్నవారికి తరువాత లివరు చెడుతున్నదనీ, దానికి ఎ గాని బి గాని కారణం కాదనీ అమెరికాలో హార్వీ ఆల్టర్ అనే వైద్యుడు, ఆయన తోటివారూ ఆ దశకంలోనే కనుగొన్నారు. ఎ కానిది, బి కానిది అని చెప్పుకోవడమే తప్ప అదేమిటో తెలియలేదు. 1989లో మైకేల్ హౌటన్ బృందం ఆ వైరస్‌ను పట్టింది. 1997లో చార్లెస్ రైస్ ఆ వైరస్ ఒక్కటే జబ్బుకు చాలునని రుజువు చేశాడు. ఈ ముగ్గురికీ 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో రక్తం ఎక్కించేముందు హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరిగా చేయడం 2001 ప్రాంతంలోగాని మొదలు కాలేదు. అంతకుముందు కాన్పులోనో, ఆపరేషనులోనో, ప్రమాదంలోనో రక్తం ఎక్కించుకున్న ఆడవారు, మగవారు ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవడం అవసరం. ఈ మాట వారికి చెప్పినవారు తక్కువ.

మూడో రకం అంటే మూడో స్టేజి కాదు

ఇక రకం సంగతి. వరిలో స్వర్ణ వున్నది, సాంబమసూరి వున్నది, 1001 వున్నది. అంతా వరే. దూరం నుంచి చూస్తే ఒకటే పచ్చదనం. గింజ చేతిలో పట్టి చూసిన రైతుకు తేడా తెలుస్తుంది. ఈ వైరస్‌లో కూడా అటువంటి రకాలు ఇప్పటిదాకా ఎనిమిదింటిని గుర్తించారు. వీటినే జీనోటైపులంటారు. 1, 2, 3 అని అంకెలతో పిలుస్తారు. వైరస్ తన జాతి లక్షణాన్ని ఒక పొడుగాటి లిపిలో రాసుకొని వుంటుంది. ఆ లిపిలో ఒక రకానికీ ఇంకో రకానికీ నూటికి ముప్ఫై అక్షరాల దాకా తేడా వుంటుంది. రోగి రక్తం నుంచి ఆ లిపిని చదివి ‘ఇది ఫలానా రకం’ అని చెప్పడమే జీనోటైప్ పరీక్ష.

భారతదేశంలో ఎక్కువగా కనిపించేది 3వ రకం. దాని తరువాత 1వ రకం. దక్షిణాదిన 1వ రకం వాటా వుత్తరాదికంటే ఎక్కువ. ఈజిప్టులో 4, దక్షిణాఫ్రికాలో 5, వియత్నాం, థాయిలాండు వైపు 6 కనిపిస్తాయి. జబ్బు ఏ దారిన, ఏ దేశంనుంచి ప్రయాణం చేసిందో పరిశోధకులకు ఈ రకాలవల్ల తెలుస్తుంది.

కాగితం మీద ఈ అంకె చూసి జనం పడే భయం వేరే వున్నది. ‘మూడో రకమంట వదినా, ఇంక లాభం లేదంట’ అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కాన్సరుకు స్టేజీలుంటాయని విన్నవారికి 3 అంటే మూడో స్టేజి అనిపించడం సహజమే. రకానికీ స్టేజికీ సంబంధం లేదు. మూడో రకం వున్నవాడి లివరు కొత్త కొబ్బరిబొండంలా బాగుండవచ్చు, ఒకటో రకం వున్నవాడి లివరు పూర్తిగా గట్టిపడి వుండవచ్చు. 3వ రకం లివరులో కొవ్వు చేరుస్తుందనీ, కొంత త్వరగా గట్టిపరుస్తుందనీ వైద్యులు గుర్తించారు. అది నిజమే. అయినా ఒక మనిషి లివరు ఏ స్థితిలో వున్నదో ఆ అంకె చెప్పదు, దానికి వేరే పరీక్షలున్నాయి. అలాగే ఇది బ్లడ్ గ్రూపులాంటిది కూడా కాదు. గ్రూపు మనిషిది, రకం వైరస్‌ది. భార్యకు ఒక రకం, భర్తకు ఒక రకం వుంటే ఒకరినుంచి ఒకరికి రాలేదని అర్థం చేసుకోవచ్చునేగాని అంతకుమించి ఏమీ లేదు.

సూదుల కాలం, మాత్రల కాలం

మరి ఈ పరీక్షకు అంత పేరు ఎలా వచ్చింది? పదేళ్ళ క్రిందటిదాకా ఈ జబ్బుకు వైద్యమంటే వారానికొక ఇంటర్‌ఫెరాన్ సూది, రోజూ రైబావిరిన్ మాత్రలు. 1వ రకమైతే 48 వారాలు, 2, 3 రకాలైతే 24 వారాలు. సూది వేసిన ప్రతిసారీ జ్వరం, ఒళ్ళు నొప్పులు, జుట్టు రాలడం, రక్తం తగ్గడం, కొందరికి మనసు చెడిపోవడం. అంత బాధా పడినా 1వ రకంవారిలో నయమయ్యేది సుమారు సగంమందికే. 3వ రకంవారిలో పదింట ఏడుగురికి నయమయ్యేది. ఖర్చు లక్షలలో వుండేది. ఆరునెలలా, ఏడాదా అన్నది రకాన్ని బట్టి తేలుతున్నప్పుడు ఏ డాక్టరైనా ముందు రకం అడగక ఏమి చేస్తాడు? ఆనాడు అది న్యాయమైన పరీక్షే.

2011లో వచ్చిన తొలి వైరస్ మాత్రలు కూడా 1వ రకం మీదనే పనిచేశాయి. 2013 డిసెంబరులో సోఫోస్బువిర్ అమెరికాలో అనుమతి పొందింది. పన్నెండు వారాల మందు 84 వేల డాలర్లు, అంటే మాత్రకు వెయ్యి డాలర్లు. ఆ ధరకు ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. 2015లో హైదరాబాదు కంపెనీలైన హెటెరో, నాట్కోలతోపాటు మరికొన్ని భారతీయ కంపెనీలు లైసెన్సు మీద అదే మందును ఇక్కడ తయారుచేసి అమ్మడంతో ధర నేలకు దిగింది. దానికి తోడుగా డక్లాటాస్విర్, తరువాత వెల్పటాస్విర్ వచ్చాయి. ఈ జోడీలు రకంతో నిమిత్తం లేకుండా వైరస్‌ను పట్టుకొంటాయి. కథ ఇక్కడే మలుపు తిరిగింది.

ఈ మలుపు దివిసీమవారికి అర్థం కావడానికి పాముకాటును మించిన ఉదాహరణ లేదు. 2018 వానాకాలంలో ఈ ప్రాంతంలో పాముకాట్లు పెరిగి, మోపిదేవిలో సర్పశాంతి యాగం దాకా పోయిన సంగతి అందరికీ గుర్తే. పాము కరిచిన మనిషిని తీసుకువచ్చినవారు ఆ పాము ఏదో తెలియాలని దానికోసం గట్లు వెతుకుతూ గంటలు పోగొట్టేవారు. కొందరు చచ్చిన పామును సంచిలో వేసుకొని వచ్చేవారు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే డాక్టరు ఆ మందు ఎక్కిస్తాడేగాని పాము పేరు తేలేదాకా ఆగడు. సోఫోస్బువిర్ జోడీ కూడా అటువంటి నాలుగు పాముల మందే. కాకపోతే పాముకాటుకు గంటలు, దీనికి ఏళ్ళు. ఏళ్ళున్నాయి గదా అని వాయిదా వేస్తూ పోవడమే ఇక్కడి ప్రమాదం.

ఈ పద్ధతి కాగితం మీది మాట కాదు. ఈ జబ్బు ఎక్కువగా వున్న పంజాబులో అక్కడి ప్రభుత్వం 2016లో ఉచిత చికిత్స ప్రారంభించింది. లివరు గట్టిపడని రోగులకు రకం పరీక్ష లేకుండానే సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ ఇచ్చారు. గట్టిపడినవారికి మాత్రమే రకం చూశారు. జిల్లా ఆసుపత్రుల మామూలు వైద్యులే మందు ఇచ్చారు. చికిత్స ముగించి చివరి పరీక్షకు వచ్చినవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా నయమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అన్ని రకాలకూ పనిచేసే మందులనే వాడమని చెప్పింది. అదే సంవత్సరం జూలై 28న కేంద్రప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. దాని పద్ధతి కూడా సులభమే. లివరు గట్టిపడనివారికి సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ 12 వారాలు. గట్టిపడినా ఇంకా పని చేస్తున్న లివరైతే సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ 12 వారాలు. పొట్టలో నీరు చేరి పూర్తిగా దెబ్బతిన్నవారిని పెద్ద ఆసుపత్రికి పంపి, రైబావిరిన్ కలిపిగాని, అది పడకపోతే 24 వారాలుగాని ఇస్తారు. వీటిలో వేటికీ రకం పరీక్ష ముందు షరతు కాదు.

రకం ఎవరికి చూడాలి

అంతమాత్రాన ఆ పరీక్షను చెత్తబుట్టలో వేయమని కాదు. ఒకసారి మాత్రలు పూర్తిగా వాడినా వైరస్ పోనివారు కొద్దిమంది వుంటారు. వారికి రెండోసారి ఏ మందు ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు రకం తెలిస్తే డాక్టరుకు ఉపయోగం. నయమైన తరువాత మళ్ళీ వైరస్ కనిపిస్తే అది పాతదే తిరగబడిందా, కొత్తగా అంటుకున్నదా అని తేల్చడానికి కూడా రకం పనికివస్తుంది. సిరోసిస్ వున్న కొందరిలో 3వ రకం కొంచెం మొండిది గనుక డాక్టరు కావాలని అడగవచ్చు. అటువంటప్పుడు చేయించుకోవలసిందే. అడిగేది వైద్యం చేసే డాక్టరా, పరీక్షలు అమ్మే కౌంటరా అన్నది చూసుకోవాలి. ‘ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి నా మందు మారుతుందా డాక్టరుగారూ?’ అని ఒక్క ప్రశ్న అడిగే హక్కు ఎంత చదువురానివాడికైనా వున్నది. మారదంటే ఆ డబ్బు బస్సు చార్జీలకు వుంచుకోవచ్చు.

రకం అవసరం లేదన్నారు గదా అని మిగతా పరీక్షలు మానుకొనేవారు వుంటారు. అది ఇంకా పెద్ద నష్టం. మొదట చేసే కార్డు పరీక్ష వైరస్‌ను చూడదు. ఒకప్పుడు వైరస్ వచ్చిందనడానికి ఒంట్లో మిగిలిన ఆనవాలును చూస్తుంది. ఉప్పెన నీరు తీసినా గోడమీద చార మిగిలినట్లే అది. జబ్బు దానంతటదే పోయినవారికీ, మందుతో నయమైనవారికీ కూడా ఆ కార్డు పాజిటివ్‌గానే వస్తుంది, జీవితాంతం వస్తుంది. గల్ఫ్ దేశాలకు పోయేవారికి వైద్యపరీక్షలో ఈ చార కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. కాబట్టి నీరు ఇంకా ఇంట్లో వున్నదా లేదా అని చూసే రెండో పరీక్ష తప్పనిసరి. దాన్నే ఆర్.ఎన్.ఏ. లేదా వైరల్ లోడ్ పరీక్ష అంటారు. అది లేకుండా మందు మొదలుపెట్టకూడదు, భయమూ పడకూడదు.

రెండోది లివరు ఎంత గట్టిపడిందన్నది. దీనికి ఖరీదైన యంత్రమే కావాలని లేదు. లివరు ఎంజైము ఒకటి, రక్తంలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఒకటి తెలిస్తే చిన్న లెక్క కట్టి డాక్టరు అంచనా వేయగలడు. ఆ రెండూ మామూలు లాబులో చేసే పరీక్షలే. అనుమానం వుంటే స్కానింగుకు పంపుతారు.

మూడోది హెపటైటిస్-బి పరీక్ష. లోపల బి కూడా నిద్రపోతూ వుంటే, సి పోతున్న సమయంలో అది లేచి కూర్చునే ప్రమాదం వున్నది. ఇక నాలుగోది పరీక్ష కాదు, నోరు విప్పి చెప్పడం. మూర్ఛకు వాడే కొన్ని మాత్రలు, క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. గుండె దడకు ఇచ్చే అమియోడరోన్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్యాసు మాత్ర కూడా వెల్పటాస్విర్ పనిని తగ్గిస్తుంది. అందుచేత ఏయే మాత్రలు మింగుతున్నారో ఆ అట్టలన్నీ సంచిలో వేసుకొని డాక్టరుకు చూపాలి. పక్కింటాయన మిగిల్చిన సీసా తెచ్చుకొని మింగడం తగదు. గర్భిణికి ఈ వైద్యాన్ని కాన్పు అయ్యేదాకా ఆపుతారు.

మందు అయిపోయిన పన్నెండు వారాలకు చేసే వైరల్ లోడ్ పరీక్షను జనం ఎక్కువగా ఎగ్గొడతారు. అప్పటికి మనిషి హుషారుగా వుంటాడు, పనిలో పడతాడు. ఆ పరీక్షలో వైరస్ లేదని వస్తేనే నయమైనట్లు. సిరోసిస్ వున్నవారైతే వైరస్ పోయిన తరువాత కూడా ఆరునెలలకొకసారి స్కానింగు చేయించుకోవాలి, ఎందుకంటే కాన్సరు భయం తగ్గుతుందిగాని పూర్తిగా పోదు.

నైలు డెల్టా చెప్పే సంగతి

ఈజిప్టులో నైలు నది డెల్టా వున్నది. కాలువలు, వరి, నీళ్ళల్లో దిగి పనిచేసే రైతులు, అంతా కృష్ణా డెల్టా మాదిరే. ఆ కాలువ నీళ్ళల్లోని ఒక పురుగు ఒంట్లోకి దూరి జనాన్ని పీడిస్తుంటే, 1950ల నుంచి 1980ల దాకా అక్కడి ప్రభుత్వం ఊరూరా సూదిమందు వేయించింది. సదుద్దేశమే. గాజు సిరంజిలు సరిగా మరగబెట్టకుండా ఒకరి తరువాత ఒకరికి వాడారు. ఒక జబ్బు పోగొట్టబోయి లక్షలమందికి హెపటైటిస్-సి ఎక్కించారు. అక్కడ దాదాపు అందరిదీ 4వ రకమే. 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ వరకు ఏడు నెలల్లో సుమారు 5 కోట్ల మందికి ఆ ప్రభుత్వం ఉచితంగా పరీక్ష చేయించింది. చికిత్సా ఉచితమే. జబ్బున్నవారిలో నూటికి 87 మందిని గుర్తించి, గుర్తించినవారిలో నూటికి 93 మందికి మందు ఇచ్చినందుకు 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మెచ్చి గుర్తింపు ఇచ్చింది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఈ జబ్బు ఎక్కువగా వున్న దేశమది.

సూది అన్న మాట వచ్చింది గనుక చెప్పవలసి వున్నది. పల్లెల్లో ఒళ్ళు నొప్పికి సూది, నీరసానికి సెలైను. మాత్ర ఇచ్చిన ఆర్.ఎం.పి. చిన్నవాడు, సూది వేసినవాడు పెద్దవాడు. ‘ఒక సూది పొడువు బాబూ, తెల్లారి కోతలకు పోవాలి’ అని జనమే అడుగుతారు. తప్పు ఒకరిదే కాదు. అయితే ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి కళ్ళెదుట చింపి తీయాలని అడగడంలో మొహమాటం అక్కరలేదు. మందు సీసాలో వాడిన సూదిని మళ్ళీ ముంచినా ప్రమాదమే. మంగలి షాపులో బ్లేడు, తిరునాళ్ళలో పచ్చబొట్టు సూది, ఇంట్లో నలుగురూ వాడే రేజరు కూడా ఈ కోవలోనివే. అదే సమయంలో ఒక కంచంలో తిన్నా, ఒక మంచం మీద పడుకున్నా, దోమ కుట్టినా ఈ జబ్బు రాదు. రోగికి విడిగా గ్లాసు పెట్టి, మనవడిని దగ్గరకు రానివ్వకుండా చేయడం అమానుషం.

పసరు సంగతి కూడా దాటవేయడానికి వీల్లేదు. కామెర్లకు పసరు తాగి తగ్గినవారు వూరికి పదిమంది వుంటారు. వారికి వచ్చింది చాలావరకు ఎ గాని ఇ గాని. అవి పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. ఆ పేరు మీద ‘సి’ వున్నవాడు కూడా పసరుకు పోతే కాలం గడిచిపోతుంది. చేతిమీద వాత పెట్టించుకుంటే మచ్చ మిగులుతుంది.

అధికారులు చేయవలసినవి కొన్ని వున్నాయి. ఉచిత పరీక్ష, ఉచిత మందు ఏ ఆసుపత్రిలో, ఏ గదిలో, ఏ రోజున ఇస్తారో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడమీద తెలుగులో, కనబడే అక్షరాలతో రాయించాలి. దానికిందనే ‘రకం పరీక్ష లేకపోయినా మందు ఇస్తారు’ అని ఒక పంక్తి చేర్చాలి. ఆశా కార్యకర్తకు ఈ మాట నేర్పితే సగం పని అవుతుంది. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారి పేర్లు ఆమె ఒక్క రోజులో రాయగలదు, ఏ ఇంట్లో ఏ కాన్పు కష్టమయిందో ఆమెకు తెలుసు. కంటి శిబిరంలోనో రక్తదాన శిబిరంలోనో పాజిటివ్ వచ్చినవారికి కాగితం చేతిలో పెట్టి పంపేయడం కాక, తరువాత ఎక్కడికి పోవాలో ఆ కాగితం మీదనే రాసి ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యం, రోగిని బందరు తిప్పడం మాని రక్తాన్ని బందరు పంపాలి. జాతీయ కార్యక్రమంలో నమూనాలను ఒకచోటునుంచి ఇంకోచోటుకు పంపే ఏర్పాటు వున్నది. దివిసీమ చెరువులనుంచి రొయ్యలు రాత్రికి రాత్రి ఐసుపెట్టెల్లో ఎంతో దూరం పోతున్నాయి, ఒక్క రొయ్య మెత్తబడదు. కోడూరులో వారానికొక రోజు తీసిన రక్తం గొట్టాలు నాలుగు అదే ఐసులో మధ్యాహ్నానికి జిల్లా ఆసుపత్రికి చేరవేయడం అసాధ్యం కాదు. ఫలితం ఫోనులో చెప్పవచ్చు. మాత్రలు నెలకొకసారి కోడూరులోనే ఇవ్వవచ్చు. ఆ పద్ధతి పెడితే పాలకాయతిప్ప మనిషి మొత్తం వైద్యానికి ఒకటి రెండుసార్లు మాత్రమే జిల్లా కేంద్రానికి పోవలసి వుంటుంది. వేట నిషేధం రోజుల్లో మొదలుపెడితే వరి కోతలు మొదలుకాకముందే చివరి పరీక్ష కూడా పూర్తవుతుంది.